ఆర్కిటిక్ గాలిలో ఏ నెలలో ఏముంటుంది? తరచుగా అడిగే ప్రశ్నలు

ఆర్కిటిక్ అనగానే కడిగిన ముత్యంలాంటి గాలి అని మనలో చాలామంది అనుకుంటాం. ఏడాదిలో కొన్ని నెలలు అది నిజమే. కానీ మార్చి, ఏప్రిల్ నెలల్లో అదే గాలిలో వేల కిలోమీటర్ల అవతలి ఫ్యాక్టరీల పొగ తేలుతూ ఉంటుంది. ఈ మార్పు ఎందుకు వస్తుంది, దానితో మంచుకీ మేఘాలకీ ఏమవుతుంది అన్న దాని మీద తరచుగా వచ్చే ప్రశ్నలన్నీ ఇక్కడ ఒకచోట పెట్టాను. ఉదాహరణలు ఎక్కువగా నార్వేకి చెందిన స్వాల్‌బార్డ్ దీవుల నుంచి తీసుకున్నాను. అక్కడి కొలతలు దశాబ్దాలుగా సాగుతున్నాయి, మన దేశపు పరిశోధన కేంద్రం కూడా అక్కడే ఉంది.

గాలిలో కణాలు అంటే దుమ్మేనా?

దుమ్ము అందులో ఒక భాగం మాత్రమే. డీజిల్, బొగ్గు, కట్టెలు కాలినప్పుడు వచ్చే మసి, గంధకం ఉన్న ఇంధనం కాలినప్పుడు పుట్టే సల్ఫేట్, అలలు విరిగినప్పుడు ఎగిరే సముద్రపు ఉప్పు, మొక్కల నుంచీ నాచు నుంచీ వచ్చే పదార్థాలు, అన్నీ కలిపి ఏరోసాల్స్ అంటారు. ఇక్కడ సింపుల్‌గా కణాలు అందాం.

సైజు సంగతి మొదట్లోనే చెప్పుకోవాలి, ఎందుకంటే కథ అంతా సైజు మీదే నడుస్తుంది. తల వెంట్రుక మందం సుమారు 70,000 నానోమీటర్లు. ఆర్కిటిక్ వసంతంలో ఎక్కువగా కనిపించే కణం 200 నానోమీటర్లు ఉంటుంది. అంటే వెంట్రుకలో దాదాపు 350వ వంతు. వేసవిలో పుట్టే కణాలు ఇంకా చిన్నవి, మొదట్లో కొన్ని నానోమీటర్లే.

ఏ నెలలో ఎక్కువ, ఏ నెలలో తక్కువ?

బరువు లెక్కన చూస్తే డిసెంబర్ నుంచి పెరుగుతూ వచ్చి మార్చి, ఏప్రిల్‌లలో శిఖరానికి చేరుతుంది. మే చివర్లో, జూన్‌లో ఒక్కసారిగా పడిపోతుంది. ఆ పడిపోవడం చాలా వేగంగా జరుగుతుంది, కొన్ని వారాల పని అంతే. సెప్టెంబర్, అక్టోబర్‌లకి గాలి బాగా ఖాళీ అయిపోతుంది. మళ్లీ చీకటి నెలలతో పాటు నింపుకోవడం మొదలవుతుంది.

మసి ఒక్కటే తీసుకుంటే తేడా ఇంకా తెలుస్తుంది. స్వాల్‌బార్డ్‌లోని జెప్పెలిన్ కొండ మీద 1998 నుంచి 2007 దాకా చేసిన కొలతల్లో చలికాలం చివర్లో ఘనపు మీటరు గాలికి సుమారు 80 నానోగ్రాములు కనిపించింది. వేసవిలో సున్నా నుంచి 10 నానోగ్రాముల మధ్యే. మన పెద్ద నగరాల్లో చలికాలంలో ఇది వేల నానోగ్రాముల్లో ఉంటుంది. కాబట్టి అక్కడి "మురికి" మన ఊళ్లతో పోలిస్తే చాలా తక్కువే. అయినా తెల్లటి మంచు మీదా పల్చటి మేఘాల మీదా ఆ కొంచెమే పెద్ద పని చేస్తుంది.

ఫ్యాక్టరీలు లేని చోటికి ఆ పొగ ఎక్కడి నుంచి వస్తుంది?

ఎక్కువ భాగం ఉత్తర యూరప్, రష్యాల నుంచి. సైబీరియా ఉత్తరాన, 69 డిగ్రీల అక్షాంశం దగ్గర నొరిల్స్క్ అనే ఊరుంది. నికెల్, రాగి కరిగించే పెద్ద పెద్ద కొలిమిలు అక్కడున్నాయి. దశాబ్దాలుగా గంధకపు పొగ వదిలే చోటుగా దానికి చెడ్డపేరు. ఉత్తర రష్యా చమురు క్షేత్రాల్లో వృథాగా మండించే గ్యాస్ నుంచీ మసి వస్తుంది. ఇవన్నీ ఆర్కిటిక్ గడప మీదే ఉన్నాయి.

అయితే చలికాలంలోనే ఎందుకు? ఫ్యాక్టరీలు ఏడాదంతా నడుస్తాయి కదా?

ఈ టాపిక్‌లో అన్నిటికన్నా మంచి ప్రశ్న ఇదే. పొగ వదలడంలో కాలాలకీ కాలాలకీ కొంత తేడా ఉంటుంది కానీ, అసలు కారణం అది కాదు. దారి తెరుచుకోవడం ఒకటి, కడిగే వాన లేకపోవడం రెండోది.

ముందు దారి. ఆర్కిటిక్ మీద చల్లటి, బరువైన గాలి బోర్లించిన మూకుడులా కూర్చుని ఉంటుంది. వేసవిలో ఆ మూకుడు చిన్నది, ఉత్తరానికి ముడుచుకుపోతుంది. చలికాలంలో అది యూరప్, ఆసియా ఖండాల మీదకి బాగా కిందికి, కొన్నిసార్లు 40 డిగ్రీల అక్షాంశం దాకా విస్తరిస్తుంది. అప్పుడు రష్యా ఫ్యాక్టరీలు మూకుడు లోపలికి వచ్చేస్తాయి. లోపల వదిలిన పొగ ఏ అడ్డూ లేకుండా నేలను అంటిపెట్టుకుని ధ్రువం దాకా పోతుంది.

ఇక రెండోది. చలికాలం పొద్దున్నే పల్లెలో పొయ్యిల పొగ పైకి లేవకుండా పొలాల మీద పొరలా పరుచుకోవడం చూసే ఉంటారు. భోగి తెల్లవారుజామున ఇది ఇంకా బాగా కనిపిస్తుంది. నేల దగ్గర గాలి చల్లగా, దాని పైన గాలి వెచ్చగా ఉంటే కిందిది పైకి పోలేదు. మనకి ఎండ రాగానే ఆ పొర చెదిరిపోతుంది. ధ్రువ రాత్రిలో ఎండే లేదు కాబట్టి ఆ పొర రోజులు, వారాలు అలాగే ఉండిపోతుంది. పైగా అంత చలిలో గాలి ఎండిపోయి ఉంటుంది, మంచు కురిసేది తక్కువ, వాన ఊసే లేదు. కడిగేవాళ్లు లేరు కాబట్టి కణాలు వారాల తరబడి తేలుతూనే ఉంటాయి. ఒకదానితో ఒకటి అతుక్కుంటూ, ఆవిరిని పట్టుకుంటూ 200 నానోమీటర్ల సైజుకి వస్తాయి. ఆ సైజు కణం తన బరువుకి తాను కిందపడేంత పెద్దదీ కాదు, వేరే వాటికి గుద్దుకుని మాయమయ్యేంత చిన్నదీ కాదు. అందుకే అంతకాలం బతుకుతుంది.

ఫిబ్రవరి, మార్చిలో సూర్యుడు తిరిగొచ్చాక, ఇన్నాళ్లూ పోగైన సల్ఫర్ డయాక్సైడ్ వాయువు కూడా వెలుతురు సాయంతో సల్ఫేట్‌గా మారుతుంది. అందుకే శిఖరం డిసెంబర్‌లో కాకుండా వసంతంలో వస్తుంది.

ఆర్కిటిక్ మసక అంటే పొగమంచేనా?

కాదు. తెలుగులో నేల మీది హిమాన్నీ, పొద్దున కమ్మే తెల్లటి తెరనీ రెంటినీ మంచు అనే అనేస్తాం కాబట్టి ఈ గందరగోళం సహజం. పొగమంచు నీటి బిందువులతో తయారవుతుంది. ఆర్కిటిక్ మసక ఎండిన కాలుష్యపు పొర. విమానం నుంచి చూస్తే దిగంతం దగ్గర గోధుమ, ఎరుపు ఛాయలో పట్టీలు పట్టీలుగా కనిపిస్తుంది. కింద నిలబడి తలెత్తి చూస్తే ఆకాశం నీలంగానే ఉండొచ్చు.

ఈ సంగతి మొదట ఎవరు గమనించారు?

1950లలో అలాస్కా నుంచి ధ్రువం వైపు వాతావరణ పరిశీలనకి వెళ్లిన అమెరికా సైనిక విమానాల వాళ్లు. మబ్బు లేని ఆకాశంలో దూరం సరిగ్గా కనిపించడం లేదని వాళ్లు రిపోర్టులు రాశారు. ముర్రే మిచెల్ అనే వాతావరణ శాస్త్రవేత్త వాటి మీద పరిశోధనా పత్రం రాసి దానికి ఆర్కిటిక్ మసక అని పేరు పెట్టారు. ఆ తర్వాత దాదాపు 20 ఏళ్లు ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు.

1970లలో కెన్నెత్ రాన్, గ్లెన్ షా అలాస్కా ఉత్తర కొసన ఉన్న బారోలో మళ్లీ మొదలుపెట్టారు. ఆ ఊరి పేరు ఇప్పుడు ఉట్కియాగ్విక్. 1976 వసంతంలో వాళ్లు పట్టుకున్న మసక పొరలు ఆసియా ఎడారుల దుమ్ము అని తేలింది. అక్కడితో ఆగిపోయి ఉంటే కథ తప్పుదారి పట్టేది. చలికాలపు నమూనాలు కూడా తీసి చూస్తే వెనేడియం దొరికింది. చిక్కటి చమురు కాల్చినప్పుడు వచ్చే లోహం అది. ఎడారి దుమ్ములో అంత ఉండదు. దాంతో ఇది మనుషుల పొగే అని తేలిపోయింది. ఒక సీజన్ నమూనా చూసి తీర్పు చెప్పకూడదని ఎవరైనా అడిగితే నేను ఈ ఉదాహరణే చెబుతాను.

మరి వేసవిలో గాలి పూర్తిగా శుభ్రమేనా?

బరువు లెక్కన అవును. సంఖ్య లెక్కన చూస్తే కథ మారుతుంది, నాకు ఈ భాగమే ఎక్కువ ఇష్టం.

జూన్ వచ్చేసరికి మూకుడు ముడుచుకుంటుంది, ఫ్యాక్టరీలు దాని బయట మిగిలిపోతాయి. సముద్రం మీద కిందికి దిగిన మేఘాలు, తుంపర, పొగమంచు మొదలవుతాయి. ఆ తుంపర పెద్ద కణాలన్నిటినీ కడిగేస్తుంది. అప్పటిదాకా గాలిలో ఉన్న ఆవిర్లకి వాలడానికి పాత కణాలు బోలెడు ఉండేవి. ఇప్పుడవి లేవు. ఎండ మాత్రం 24 గంటలూ ఉంది. అప్పుడా ఆవిర్లు తమలో తామే గుమిగూడి కొత్త కణాలుగా పుడతాయి. పాతవి పోతేనే కొత్తవాటికి చోటు దొరుకుతుందన్నమాట. అందుకే మే, జూన్‌లలో కొన్ని వారాల్లోనే 200 నానోమీటర్ల ముసలి కణాలు పోయి, 50 నానోమీటర్లకి లోపు పసి కణాలు గాలినంతా ఆక్రమిస్తాయి.

ఆ కొత్త కణాల ముడిసరుకు ఏమిటి?

ముఖ్యంగా సముద్రపు నాచు. మంచు కరిగి వెలుతురు నీళ్లలోకి దిగగానే సూక్ష్మ నాచు విపరీతంగా పెరుగుతుంది. దాని నుంచి డైమిథైల్ సల్ఫైడ్ అనే వాయువు వస్తుంది. సముద్రపు ఒడ్డున వచ్చే ఆ ప్రత్యేకమైన వాసనలో దీని పాత్ర ఉంది. గాలిలో అది సల్ఫ్యూరిక్ ఆమ్లంగా, మరో గంధక ఆమ్లంగా మారి కణాలకి బీజం వేస్తుంది.

దీనికి తోడు పక్షులు. వేసవిలో ఆర్కిటిక్ కొండ చరియల మీద లక్షల సముద్ర పక్షులు గూళ్లు కడతాయి. వాటి రెట్టల నుంచి అమ్మోనియా వస్తుంది. ఆమ్లానికి అమ్మోనియా తోడైతే కణం నిలదొక్కుకోవడం సులువు. పక్షి రెట్టకీ మేఘానికీ చుట్టరికం ఉందంటే మొదట నేనూ నమ్మలేదు, కానీ కెమిస్ట్రీ సరిగ్గా అదే చెబుతోంది.

వేసవి ముగిసి సముద్రం మళ్లీ గడ్డకట్టే సమయంలో ధ్రువం దగ్గర అయోడిన్ వంతు వస్తుంది. 2018లో స్వీడన్ ఐస్‌బ్రేకర్ ఓడెన్ మీద వెళ్లిన శాస్త్రవేత్తలు అయోడిక్ ఆమ్లం నుంచి కణాలు పుట్టడాన్ని అక్కడ కొలిచారు.

ఇంత చిన్న కణాలతో వాతావరణానికి పనేముంది?

కణం లేకుండా మేఘం పుట్టదు. నీటి ఆవిరి బిందువుగా మారాలంటే వాలడానికి ఏదో ఒకటి కావాలి. వేసవి చివర్లో ధ్రువం దగ్గర ఘనపు సెంటీమీటరుకి 10 కన్నా తక్కువ కణాలుండే రోజులూ వస్తాయి. అప్పుడు తేమ ఉన్నా మేఘం సరిగ్గా నిలవదు. ఉన్న కొన్ని బిందువులే పెద్దవై రాలిపోతాయి. అలాంటి చోట కొన్ని కణాలు అదనంగా చేరినా మేఘం మందం మారుతుంది, కింద మంచుకి చేరే వేడి కూడా మారుతుంది.

చలికాలంలో మేఘం దుప్పటిలా పనిచేస్తుంది. ఎండ లేదు కాబట్టి చల్లబరిచేదేం లేదు, నేల వదిలే వేడిని మాత్రం పట్టి ఉంచుతుంది. మసక వల్ల పల్చటి మేఘాల్లో బిందువులు ఎక్కువై ఆ దుప్పటి ఇంకాస్త చిక్కబడుతుంది.

మసి పడితే మంచు త్వరగా కరుగుతుందా?

కరుగుతుంది. కొత్తగా కురిసిన మంచు తన మీద పడ్డ వెలుతురులో 80 నుంచి 90 శాతం వెనక్కి పంపేస్తుంది. మసి కలిస్తే ఆ శాతం కొద్దిగా తగ్గుతుంది. తగ్గిన మేరకి మంచు వేడెక్కి, దాని గింజలు పెద్దవై, ఇంకాస్త నల్లబడుతుంది. కింద నుంచి సముద్రం బయటపడితే అది 10 శాతం కూడా వెనక్కి పంపదు.

ఇక్కడ టైమింగే అసలు సమస్య. ధ్రువ రాత్రిలో ఎంత మసి ఉన్నా ఎండ లేదు కాబట్టి అది వేడిని పీల్చలేదు. వేసవిలో ఎండ ఉన్నా మసి లేదు. రెండూ కలిసేది మార్చి నుంచి మే దాకా. నేలంతా తెల్లగా ఉండి, సూర్యుడు రోజురోజుకీ పైకి వస్తూ, మసక నిండుగా ఉండే నెలలు అవే.

ఏళ్లు గడుస్తుంటే ఈ మసక పెరుగుతోందా, తగ్గుతోందా?

తగ్గింది. కెనడా ఉత్తర కొసన, 82.5 డిగ్రీల దగ్గర ఉన్న అలర్ట్ కేంద్రంలో 1980 నుంచి నమూనాలు తీస్తున్నారు. అక్కడ మసి సుమారు సగానికి దిగింది, సల్ఫేట్ కూడా తగ్గింది. యూరప్, ఉత్తర అమెరికాల్లో గంధకం మీద పెట్టిన చట్టాలు ఒక కారణం. 1991లో సోవియట్ యూనియన్ కూలిపోయి ఫ్యాక్టరీలు మూతపడటం ఇంకో కారణం. ఆర్కిటిక్ నీళ్లలో ఓడలు చిక్కటి చమురు వాడకూడదన్న అంతర్జాతీయ నిషేధం 2024 జూలై 1న మొదలైంది, కానీ కొన్ని ఓడలకి 2029 దాకా మినహాయింపు ఉంది. ఆ మినహాయింపు ఇవ్వకుండా ఉండాల్సిందని నా అభిప్రాయం.

ఒక చిక్కు ఉంది. సల్ఫేట్ వెలుతురుని వెనక్కి పంపి చల్లబరిచే కణం. అది తగ్గడంతో, గ్రీన్‌హౌస్ వాయువుల వల్ల వచ్చే వేడిలో ఇన్నాళ్లూ కప్పి ఉన్న భాగం బయటపడింది. 1979 తర్వాత ఆర్కిటిక్ ప్రపంచ సగటు కన్నా దాదాపు నాలుగు రెట్లు వేగంగా వేడెక్కిందంటే అందులో దీని వాటా కూడా కొంత ఉంది. దీన్ని పట్టుకుని పొగ ఉంటేనే మేలు అని వాదించేవాళ్లు కనిపిస్తారు. అది తప్పు. పొగ ఊపిరితిత్తుల్ని పాడుచేస్తుంది, ఆమ్ల వర్షం తెస్తుంది, మసి మంచును కరిగిస్తుంది. తగ్గించాల్సింది రెండూ, పొగనీ కార్బన్ డయాక్సైడ్‌నీ.

అడవి మంటల సంగతేంటి?

పైన చెప్పిన క్యాలెండర్‌ని చెడగొడుతున్నవి అవే. 2006 ఏప్రిల్ చివర్లో, మే మొదట్లో తూర్పు యూరప్‌లో పొలాలు తగలబెట్టిన పొగ స్వాల్‌బార్డ్‌ని కమ్మేసింది. అక్కడ అప్పటిదాకా నమోదైన కాలుష్యంలో అదే ఎక్కువ. 2015 జూలైలో అలాస్కా అడవుల పొగ అక్కడికి చేరింది. జూలై అంటే కడిగిన గాలి ఉండాల్సిన నెల. వేసవిలో సైబీరియా, కెనడా అడవులు ఎక్కువగా కాలేకొద్దీ ఇలాంటి రోజులు పెరుగుతాయి.

మంటలు లేకపోయినా ఒక్కోసారి గాలి దెబ్బ కొడుతుంది. 2019-20లో జర్మన్ ఓడ పోలార్‌స్టెర్న్ మంచులో ఇరుక్కుని ఏడాది పాటు దానితో పాటే కొట్టుకుపోతూ కొలతలు తీసింది. మొజాయిక్ యాత్ర అంటారు దాన్ని. 2020 ఏప్రిల్ మధ్యలో దక్షిణం నుంచి వెచ్చటి గాలి ఒకటి వచ్చింది. కొన్ని గంటల్లోనే ధ్రువం దగ్గరి గాలి మధ్య యూరప్ నగరం గాలిలా మారిపోయింది.

మన ఇండియా పొగ అక్కడిదాకా వెళ్తుందా?

కొంత వెళ్తుంది, కానీ నేల దగ్గరికి కాదు. మన గాలి వెచ్చనిది, తేలికైనది. ఉత్తరానికి పోయేకొద్దీ అది ఆ చల్లటి మూకుడు పైకెక్కి పోవాల్సిందే. దారిలో మేఘాలు, వానలు చాలా భాగాన్ని కడిగేస్తాయి. మిగిలింది కొన్ని కిలోమీటర్ల ఎత్తులో ఆర్కిటిక్ చేరుతుంది. నేల దగ్గర మంచు మీద పడే మసిలో ఉత్తర యూరప్, రష్యాలదే పెద్ద వాటా.

మన శాస్త్రవేత్తలు అక్కడ ఏం చేస్తున్నారు?

స్వాల్‌బార్డ్‌లోని నీ-ఓలెసుండ్ అనే చిన్న ఊళ్లో, 79 డిగ్రీల దగ్గర, 2008 జూలైలో మన హిమాద్రి కేంద్రం మొదలైంది. గోవాలోని జాతీయ ధ్రువ, సముద్ర పరిశోధన కేంద్రం దాన్ని నడుపుతుంది. నీ-ఓలెసుండ్ ఒకప్పుడు బొగ్గు గని ఊరు. 1962లో జరిగిన పేలుడులో 21 మంది చనిపోయాక గని మూసేశారు. మన కణాల పరికరాలు కొన్ని పెట్టిన ల్యాబ్ పేరు గ్రూవెబాడెట్, అంటే గని కార్మికుల స్నానశాల. ఒంటికి అంటిన బొగ్గు మసిని కడుక్కున్న చోట ఇప్పుడు గాలిలోని మసిని కొలుస్తున్నారు.

మొదట్లో మనవాళ్లు ఎక్కువగా వేసవిలోనే వెళ్లేవారు. 2023 డిసెంబర్‌లో మొదటి శీతాకాల యాత్ర మొదలైంది. కణాల విషయంలో ఇది చాలా ముఖ్యం, మసక పోగయ్యేది ఆ చీకటి నెలల్లోనే కాబట్టి.

నాలుగు నెలల చీకట్లో ఎలా కొలుస్తారు?

నీ-ఓలెసుండ్‌లో అక్టోబర్ చివరి వారం నుంచి ఫిబ్రవరి మధ్య దాకా సూర్యుడు కనిపించడు. సూర్యకాంతి ఎంత తగ్గిందో చూసి కణాల్ని అంచనా వేసే పరికరాలు అప్పుడు పనిచేయవు. వాటి బదులు చంద్రుడినో నక్షత్రాన్నో చూసేవి వాడతారు. లేజర్ కిరణాన్ని పైకి పంపి, తిరిగొచ్చే వెలుతురుతో ఏ ఎత్తులో ఏముందో చెప్పే లైడార్ చీకట్లోనే బాగా పనిచేస్తుంది. ఇలాంటి లైడార్ మన తిరుపతి దగ్గర గాదంకిలోనూ ఉంది.

మిగతావి గాలిని లోపలికి పీల్చే యంత్రాలు, వాటికి పగలూ రాత్రీ ఒకటే. ఒకదానిలో గాలిని బ్యూటనాల్ ఆవిరి గుండా పంపుతారు. కంటికే కాదు, మామూలు వెలుతురుకీ చిక్కని చిన్న కణం ఆ ఆవిరిని తాగి వేల రెట్లు ఉబ్బుతుంది. లేజర్ ముందు నుంచి పోతూ ఒక్కసారి మెరుస్తుంది. ఆ మెరుపులు లెక్కపెట్టడమే పని. మసి కొలిచేది ఇంకా సింపుల్. తెల్లటి ఫిల్టర్ టేపు గుండా గాలి పోతూ ఉంటుంది, మచ్చ ఎంత నల్లబడిందో వెలుతురుతో చూస్తారు.

ఈ యంత్రాలు ఊళ్లో పెడితే జనరేటర్ పొగ, ఓడల పొగ కూడా లెక్కలోకి వచ్చేస్తాయి. అందుకే ముఖ్యమైన కేంద్రాన్ని 474 మీటర్ల ఎత్తున జెప్పెలిన్ కొండ మీద కట్టారు. కేబుల్ కార్‌లో పైకి వెళ్లాలి. గాలి మరీ ఎక్కువైతే కేబుల్ కార్ నడవదు, ఆ రోజు యంత్రాల దగ్గరికి ఎవరూ పోలేరు.

ఆ డేటా మామూలు వాళ్లు చూడొచ్చా?

చూడొచ్చు. నార్వే వాయు పరిశోధన సంస్థ నడిపే ఎబాస్ అనే డేటాబేస్‌లో జెప్పెలిన్ కొలతలు ఉచితంగా దొరుకుతాయి. డిగ్రీ ప్రాజెక్ట్ చేసే పిల్లలకి నేను ఎప్పుడూ ఇదే సూచిస్తాను. ఒక ఏడాది మసి తీసుకుని గ్రాఫ్ గీస్తే మార్చి దగ్గర కొండ, జూలై దగ్గర పల్లం కనిపించాలి. పల్లంలో ఒకటి రెండు రోజులు ముల్లులా పైకి లేచి ఉంటే, అదే వారంలో సైబీరియాలోనో అలాస్కాలోనో ఏ అడవి కాలుతోందో ఉపగ్రహ చిత్రాల్లో వెతకండి.